తీగలో పాము

కిందటి ఏడు మన కళాశాలలో చేతిపనుల ప్రదర్శన జరిగినప్పుడు ఒక మూల బల్లమీద రాగితీగతో అల్లిన పదునాలుగు ఆభరణాలను ఉంచాం. వాటిలో తొమ్మిది పాములు, రెండు తాబేళ్ళు, ఒక ఊసరవెల్లి, ఒక ఉడుము, ఒక మొసలి. చూడవచ్చిన పెద్దలలో ఒకరు ఆ బల్ల ముందు చాలాసేపు నిలబడి, "ఆడపిల్లలకు నేర్పడానికి మీకు పామే దొరికిందా?" అని అడిగారు. ఆయన ప్రశ్నలో వెటకారం లేదు, నిజమైన కలవరమే ఉన్నది. అప్పటికప్పుడు తగిన సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసాన్ని ఆ సమాధానంగానే పాఠకులు భావించవచ్చు. కొంత ఆలస్యంగా వచ్చినదని ఒప్పుకొంటున్నాను.

ముందుగా భాష మాట. తెలుగులో లోహపు తంతువుకూ, పందిరిపై పాకే లతకూ ఒకటే పేరు, తీగ. ఉర్దూలో తార్ వేరు, బేల్ వేరు. మా తరగతిలో రెండు భాషల పిల్లలూ పక్కపక్కన కూర్చుంటారు కనుక ఈ భేదం నాకు తొలిరోజుననే ఎదురైంది. తెలుగువాడు లోహాన్ని సన్నగా సాగదీసి చూసినప్పుడు అది పాకుతున్నట్లు, మెలి తిరుగుతున్నట్లు అతనికి తోచి ఉండాలి. పాకేదీ, మెలి తిరిగేదీ మన కళ్ళముందు మరొకటి కూడా ఉన్నదికదా! మెట్ట పొలాల మధ్య పెరిగిన వానికి తీగను చేతబట్టుకొనగానే పాము గుర్తుకు రావడంలో వింత ఏమున్నది?

అసలు మన స్త్రీల ఒంటిమీదికి పామును నేడు కొత్తగా మేము ఎక్కించలేదు. జడ మొదట, తల వెనుక పెట్టుకొనే నగకు నాగరమనే పేరు పడగ ఆకారాన్ని బట్టి వచ్చినదే. దండచేతికి తొడిగే వంకీలలో పడగ విప్పిన నాగవంకీలు ఉన్నవి. తమిళనాట ముదుసలి స్త్రీలు చెవులకు తగిలించుకొనే బరువైన పాంబడం పేరులోనూ పామే దాగి ఉన్నది. నాగులచవితినాడు పుట్ట దగ్గరకు వెళ్ళి పాలు పోసే ఇల్లాలు, ఆ పుట్టలోని దానినే బంగారంలో పోయించి తలలో ధరించింది. భయపడవలసినదాన్ని నగగా చేసుకొని దగ్గర పెట్టుకొనడం మన పెద్దల పద్ధతి. ఈ పద్ధతి మనకొక్కరికే చెందినదీ కాదు. ఈజిప్టు రాజుల కిరీటం ముందు పడగెత్తి నిలిచినది నాగుపామే. 1839లో ఆల్బర్టు యువరాజు విక్టోరియా రాణికి తొడిగిన నిశ్చితార్థపు ఉంగరం తలపై పచ్చ పొదిగిన పాము. ఇటలీలోని బుల్గారీ సంస్థ 1948 మొదలుకొని పాము ఆకారంలో మణికట్టుకు చుట్టుకొనే గడియారాలను చేసింది. మెక్సికో నటి మరియా ఫెలిక్సు కోసం పారిసులోని కార్టియే సంస్థ 1968లో వజ్రాల పామును, 1975లో రెండు మొసళ్ళు ఒకదానినొకటి అల్లుకొన్న కంఠహారాన్ని చేసింది. పాము నగ అనగానే నాగరికత లేని అలంకారమని ముఖం చిట్లించేవారు ఈ సంగతులు కొంచెం ఆలోచించాలి.

నాకు బాధ కలిగించే విషయం మరొకటి. నారాయణపేట, మక్తల్ ప్రాంతాల ఇళ్ళలో నాగరాలు ఈనాటికీ కొన్ని పెట్టెల అడుగున ఉన్నవి. పెట్టె తెరిచినప్పుడు అవి తలకు ఎక్కడం లేదు, తూకానికి ఎక్కుతున్నవి. 2024లో వెండి కిలో ధర లక్ష రూపాయలు దాటినప్పుడు, అంతకంతకు బంగారం ధర పెరిగినప్పుడు, అమ్మమ్మ నగలను మూసలో వేయించినవారు నాకు తెలిసినంతలోనే కొందరున్నారు. వారిని తప్పుపట్టలేను. ఇంట్లో పెండ్లి ఉంటే, దవాఖానా ఖర్చు ఉంటే, నగ ఉన్నది అందుకే. కాని కరిగించేముందు ఒక్క కాగితంమీద దాని బొమ్మ గీసుకొనడానికో, ఒక ఛాయాచిత్రం తీసుకొనడానికో ఎంత సమయం పడుతుంది? లోహం తిరిగి వస్తుంది. పడగపై పొలుసును ఏ కోణంలో చెక్కారో, మెడ దగ్గర తీగను ఎన్ని మెలికలు తిప్పారో, ఆ లెక్క మాత్రం మూసలో పోతే పోయినట్లే.

ఇక తీగపని. తెలంగాణలో దీనికి పుట్టినిల్లు కరీంనగరు. ఎలగందులలో వేళ్ళూని అక్కడికి వచ్చిన వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. మేలిమి వెండిని మూసలో కరిగించి కడ్డీగా పోస్తారు. దానిని కమ్మచ్చు రంధ్రాలగుండా ఒకదాని తరువాత ఒకటి, పెద్దదానినుంచి చిన్నదానికి లాగుతూ వెంట్రుకను తలపించేంత సన్నగా సాగదీస్తారు. రెండు తీగలను కలిపి పురి పెట్టి, ఆ పురిని అదిమి చదును చేస్తారు. చదునైన పురి అంచున ముత్యాల వరుసవంటి గరుకు తేలుతుంది. ఆ గరుకుమీద పడిన వెలుగే ఆ పని అందం. దళసరి తీగతో బయటి చట్రాన్ని వంచి, లోపలి ఖాళీలలో సన్నతీగ చుట్టలను ఇరికించి, వెలిగారమూ టంకమూ చల్లి, ఊదుగొట్టపు మంటతో అతికిస్తారు. అత్తరుదానులు, పాన్‌దాన్‌లు, పన్నీటి బుడ్లు, పళ్ళేలు ఆ విధంగా తయారవుతవి. మన సరిహద్దుకు అవతల బీదరులో మరొక పద్ధతి. యశదమూ రాగీ కలిసిన నల్లని పాత్రపై గాడి చెక్కి, అందులో వెండి తీగను సుత్తితో కూరి అదుముతారు. దానికి తార్‌కషీ అని పేరు. ఒడిశాలోని కటకపు వెండి తీగపనిని కూడా తారకసి అనే అంటారు. ఒక మాట మూడు దేశాలు తిరిగి, పోయినచోటల్లా కొద్దిగా వేషం మార్చుకొన్నది.

కరీంనగరు పనివారు చేసే నెమలిని ఎందరో మెచ్చుకొంటారు. పాము మాట ఎత్తితే మాత్రం కొనేవారు దొరకరని చెబుతారు. నాకు తోచిన మేరకు తీగకు నెమలికంటె పామే సహజమైన ఆకారం. నెమలిని చేయడానికి తీగను ముక్కలు చేసి, వంద చోట్ల అతకాలి. పాము మొదలునుంచి చివరదాకా ఒకే తీగ.

మాకు వెండి లేదు, కమ్మచ్చు లేదు. ఉన్నది కాలిపోయిన మోటార్ల రాగితీగ. ఈ ప్రాంతం రైతు కుటుంబాలకు దీనిని వివరించనక్కర లేదు. బోరుబావి మోటారు కాలిపోవడం, దానిని బండిమీద వేసుకొని వైండింగు దుకాణానికి తేవడం ప్రతి ఎండాకాలమూ జరిగేదే. ఆ దుకాణాలలో విప్పి పడవేసిన తీగ తూకానికి పోతుంది. పొట్టి ముక్కలను ఒక యజమాని మాకు ఉచితంగానే ఇచ్చాడు. ఒక రైతు అప్పుగా మారిన తీగ, మా బల్లమీద పాముగా మారింది.

ఆ తీగపై వార్నీషువంటి పూత ఉంటుంది. దానిని మంటలో కాల్చి తీయడం సులువే కాని, ఆ పొగ ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది. కనుక గరుకు కాగితంతో రుద్ది తీయాలి. ఒక మిల్లీమీటరు మందం తీగలు రెండింటిని వెన్నెముకగా పక్కపక్కన పెట్టి, అర మిల్లీమీటరు కంటె సన్నని తీగతో ఎనిమిది అంకె వలె ఒకదానిమీదుగా మరొకదాని కిందుగా అల్లుకొంటూ పోవాలి. తోక దగ్గర రెండు తీగలను ఒకటిగా చేర్చాలి. నడుము దగ్గర కొద్దిగా విడదీయాలి. పడగ దగ్గర పూర్తిగా తెరవాలి. పాము ఒళ్ళు ఎక్కడ సన్నమో ఎక్కడ లావో తెలియకపోతే ఈ పని కుదరదు. మొదటి వారం మా పిల్లలు చేసినవన్నీ వానపాములే!

రాగితో మరొక చిక్కు. వంచినకొద్దీ గట్టిపడుతుంది. నాలుగు మెలికలు తిరిగేసరికి వేళ్ళకు లొంగక, మొండికేసి, చివరకు విరుగుతుంది. ఈ చిక్కు మాకు తీర్చినది మక్తల్‌కు చెందిన ఒక వృద్ధ అవుసలి. ఆయన మా తరగతికి వచ్చి, ఒక పిల్ల చేతిలోని తీగను తాకి చూసి, "తీగకు కోపమొచ్చింది సారూ. జర కుంపట్ల పెట్టి తియ్యుండ్రి, మెత్తవడ్తది" అన్నాడు. మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో ముంచితే రాగి తిరిగి మైనం వలె మెత్తబడింది. ఉక్కును అట్లా ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తగానే ఉంటుంది. రసాయనశాస్త్రంలో ఉత్తీర్ణులైన పిల్లలకు ఈ సంగతి తెలియదు. నాకూ తెలియదు. బడి మెట్లు ఎక్కని వృద్ధునికి తెలుసు. ఆయన ఇప్పుడు పట్టుకారు పట్టడం లేదు, కుమారులు హైదరాబాదులో వేరే కొలువులలో ఉన్నారు. తన కమ్మచ్చు ఎక్కడున్నదని అడిగితే, పాత ఇనుముతోపాటు అమ్మివేశామని చెప్పాడు.

తరగతిలో ఎదురైన ఒక ఘట్టాన్ని దాచిపెట్టి ఈ పనిని సమర్థించడం న్యాయం కాదు. పాము అల్లడం మొదలుపెట్టిన రోజు వెనుక వరుసలోని ఒక విద్యార్థిని తీగను ముట్టుకొనలేదు. సోమరితనమని తలచి మందలించాను. ఆ అమ్మాయి తల ఎత్తకుండానే, "మా నాయన పురుగు ముట్టే పోయిండు సార్. నేను చెయ్య" అన్నది. పల్లెల్లో రాత్రిపూట పామును పేరు పెట్టి పిలువరు, పురుగు అంటారు. తరగతి అంతా నిశ్శబ్దమైంది. అంతవరకు నాగరం, నాగవంకీ అంటూ ఉపన్యసించిన నాకు నోట మాట రాలేదు.

ఇది ఒక్క ఇంటి దుఃఖం కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో మరణించినవారు ఏడాదికి సగటున 58,000 మంది అని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. అధిక మరణాలు సంభవించిన రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతమూ ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చినది 2017లో మాత్రమే. చనిపోయేవారు ఎక్కువగా పొలం పనివారు, నేలమీద నిదురించేవారు, మందు ఉన్న ఆసుపత్రికి దూరాన ఉన్నవారు. అటువంటి ఇంటి పిల్లకు పామును అందమైన వస్తువుగా చూపడానికి నాకు ఏమి అధికారం ఉన్నది? ప్రదర్శన రోజున ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్న వెనుక ఇదే ఉండి ఉండవచ్చు. ఆయన ఏ ఊరివారో, ఏ రాత్రి జ్ఞాపకంతో అడిగారో నేను విచారించలేదు.

ఆ అమ్మాయిని బలవంతం చేయలేదు. తాబేలు చేస్తానంటే చేయమన్నాను. మన మెట్టలలో తిరిగే నక్షత్ర తాబేలు డిప్పమీద పసుపు గీతలు నడిమధ్యనుంచి చుక్కలు చుక్కలుగా విచ్చుకొంటవి. తీగపనికి అంతకంటె అనువైన నమూనా ప్రకృతిలో మరొకటి నేను చూడలేదు. రెండు వారాలలో ఆమె తాబేలే అందరి పనికంటె మేలుగా వచ్చింది. తరువాత ఒకనాడు తానే వచ్చి, తన తండ్రిని కరిచినది ఏ పామో ఎట్లా తెలుస్తుందని అడిగింది. రాత్రి, నేలమీద నిదురలో, పెద్దగా నొప్పి లేకుండా కరిచిందని, తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోయినవని చెప్పింది. కట్లపాము అయి ఉండవచ్చునని చెప్పాను. బొమ్మలు ముందు పెట్టి చూశాం. నల్లని ఒంటిపై సన్నని తెల్లని కట్లు, చాలావరకు జంటలు జంటలుగా. వెన్నుమీద వరుసగా ఆరుకోణాల పెద్ద పొలుసులు. రక్తపింజరకైతే గొలుసు కట్టినట్లు మూడు వరుసల మచ్చలు. నాగుపాముకు పడగ వెనుక కళ్ళజోడు గుర్తు. ఇసుక పింజర చిన్నది, పొలుసులను రంపం వలె రాచి చప్పుడు చేస్తుంది. మన ఆసుపత్రులలో ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగింటికీ పనిచేస్తుంది. ఆలస్యం చేయకుండా, మంత్రగాని ఇంటి వైపు కాక ఆసుపత్రి వైపు పోవాలి. ఈ మాటలన్నీ తరగతిలో అంతకుముందు పుస్తకంలోనుంచి చదివినవే. పొలుసు పొలుసునూ తీగతో అల్లినప్పుడు పిల్లలు వాటిని మరువలేదు. జెర్రిపోతును, పసిరికను చూడగానే కర్ర తీసే అలవాటు కూడా కొందరిలో తగ్గింది. ఇది నా కంటితో చూసిన సంగతి, ఇంతకు మించి చెప్పను.

మరొక అభ్యంతరం మృదువుగా వచ్చింది. ప్రాణుల రూపాలను చేయడం తమ ఇంటి ఆచారం కాదని ఇద్దరు ముగ్గురు విద్యార్థినులు చెప్పారు. వారిని వేరుగా కూర్చోబెట్టవలసిన అవసరం రాలేదు. బీదరు పాత్రలమీది బేల్‌బూటా చూపించాను. అదే తీగ, అదే ఎనిమిది అంకె అల్లిక, అదే మెలిక. పక్కపిల్ల చేతిలో పడగ విప్పినది వారి చేతిలో ఆకు వేసింది. ప్రదర్శనలో లెక్క చెప్పిన పదునాలుగింటిలో అవి లేవు, పక్క బల్లమీద ఉన్నవి. రెండు బల్లలనూ దూరంనుంచి చూసినవారికి ఏది లతో ఏది పామో వెంటనే తెలియలేదు. మాట వరుసకు తీగ అన్న తెలుగువాడు ఈ విషయం ముందే కనిపెట్టి ఉంటాడు.

తోలు సంగతి కూడా చెప్పాలి. ప్రాకే జంతువుల రూపాన్ని నగలో పెట్టుకొనడం వేరు, వాటి ఒంటినే ఒలిచి పెట్టుకొనడం వేరు. కంజీరకు ఉడుము తోలు కట్టేవారు. పాముతోలు సంచులు, చెప్పులు ఒకప్పుడు ఓడలకు ఓడలు విదేశాలకు పోయినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉడుమును చంపడాన్ని, పట్టడాన్ని, అమ్మడాన్ని నేరం చేసింది. అయినా దాని శరీర భాగాలను ఎండబెట్టి, ఏదో అరుదైన వేరు అని చెప్పి, అదృష్టం తెస్తుందని అంటగట్టే మోసగాళ్ళు ఉన్నారు. నక్షత్ర తాబేళ్ళను సంచులలో కుక్కి దేశం దాటించే వ్యాపారం ఎంత పెరిగిందంటే, 2019లో అంతర్జాతీయ ఒడంబడికలో వాటిని అత్యంత కఠిన నిషేధమున్న జాబితాకు మార్చవలసి వచ్చింది. రాగితాబేలును ఎవరు ఎన్ని చేసినా పొలంలోని తాబేలుకు నష్టం లేదు.

ఈ పనితో కడుపు నిండుతుందా అని మా సహాధ్యాపకులు అడిగారు. నిండదు. ఐదు గంటలు పట్టిన ఒక పాము కంకణానికి ప్రదర్శనలో నూటయాభై రూపాయలు ఇచ్చారు. గంటకు ముప్పై రూపాయలు. మోటారు తీగ ఉచితం కనుక అంతైనా మిగిలింది. పైగా రాగి చెమటకు పచ్చబడుతుంది, కొందరి చేతికి మరక అంటుతుంది. కొన్నవారిలో ఒకరు ఆ మరక చూపించి సగం డబ్బు తిరిగి అడిగారు, ఇచ్చివేశాం. వెండి చేతికి వస్తే కథ మారుతుంది. బజారులో జర్మను సిల్వరు అని అమ్మేదానిని వెండి అనుకొని కొనకూడదని పిల్లలకు చెప్పాను. అందులో రాగి, యశదం, నికెలు తప్ప వెండి రవ్వంత కూడా లేదు. నికెలు కొందరి చర్మానికి పడదు.

కూలి గిట్టని విద్య ఎందుకు నేర్పాలి అంటే, ఇప్పుడు గిట్టే విద్యలన్నీ నేర్పుతున్నామా అని తిరిగి అడగాలనిపిస్తుంది. ఇది తర్కం కాదని నాకు తెలుసు. నా అభిప్రాయం ఇంత మాత్రమే. వారానికి రెండు గంటలు తీగపనికి కేటాయించాలి. ఒక కమ్మచ్చు, ఒక చిన్న దాగలి, రెండు శ్రావణాలు, ఒక ఊదుగొట్టం కొనాలి. పరీక్ష పెట్టకూడదు, మార్కులు వేస్తే పిల్లలంతా ఒకే పామును చేస్తారు. నేర్పడానికి పట్టా ఉన్నవారిని వెతకనక్కర లేదు, పట్టుకారు వదిలివేసిన ఆ వృద్ధుని వంటివారిని పిలిచి, వారికి గౌరవ వేతనం ఇవ్వాలి. కరీంనగరుకు ఏడాదికొకసారి పిల్లలను తీసుకొనిపోయి, పనివారి పక్కన ఒక పూట కూర్చోబెట్టాలి. ఇంటింటా నాగరాలను అడిగి, బొమ్మలు గీసి, తూకమూ కొలతలూ రాసి, వారి నగను వారికి అప్పగించి రావాలి. ఈ చివరి పనికి డబ్బు కూడా అవసరం లేదు.

దసరా సెలవులలో కొందరు విద్యార్థినులు ఆ పని మొదలుపెట్టారు. ఇంతవరకు పదకొండు నాగరాల బొమ్మలు వచ్చినవి. రెండింటి పడగలకు ఐదు తలలు, మిగిలినవాటికి ఒకటి. ఒకదాని వెనుక తీగ తెగి, మరొక లోహంతో అతికించిన గుర్తు ఉన్నది. దానిని తాబేలు చేసిన అమ్మాయి గీసింది. తెగినచోటును కూడా ఉన్నది ఉన్నట్లే గీసింది.